రాయి వెనక బాపు

మా మేనమామ మొన్న శ్రావణంలో కన్నుమూశాడు. ఫోన్ వచ్చేసరికి నేను సుల్తాన్ బజార్‌లో ఒక దుకాణం ముందు నిలబడి, జాకెట్టు గుడ్డకు సరిపోయే లైనింగు దొరక్క దుకాణదారుతో వాదిస్తున్నాను. ఫోన్‌లో అత్తమ్మ, మామయ్య భార్య. "మామయ్య పోయిండే బిడ్డా. చాయ తాగి, కప్పు కింద పెట్టి, గోడకు ఒరిగిండు. పిలిస్తే పలకలె," అంది. ఆమె గొంతు నిలకడగానే ఉంది. గుడ్డ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను.

ఆటో ఆబిడ్స్ మీదుగా పోతుంటే మామయ్య పనిచేసిన స్టూడియో ఉండే మేడ కనిపించింది. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆయన ఇల్లు. నేను వెళ్లేసరికే వాకిట్లో కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. "మంచి మనిషి, ఎవల జోలికి పోలె," అన్నారొకరు. "రాళ్ల పిచ్చి ఒక్కటే ఉండె పాపం," అన్నారు ఇంకొకరు. "ఔ, ఏటా పోయి గా ఒక్క రాయినే ఫోటో తీసుకొని వస్తుండె. గదేం పిచ్చో ఏమో."

నాకు కోపం వచ్చింది. చావింట్లో పోట్లాడకూడదు కాబట్టి మింగి ఊరుకున్నాను. దినాలు అయిపోయాయి, ఇప్పుడు మాట్లాడొచ్చు. మా మామయ్యకు పిచ్చి లేదు. ఆయన అన్నేళ్లు ఆ ఒక్క రాయినే ఫోటో తీసింది నా కోసం. నా పెళ్లి పీటల మీద మా బాపు, అంటే మా నాన్న, ముఖం ఎలా ఉందో నాకు చూపించడం కోసం. రాయికీ బాపు ముఖానికీ ఏం సంబంధం అంటారా, అదే చెప్పబోతున్నాను.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. ఆబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియోలో జీవితమంతా పనిచేశాడు. ఫోటో తీయడం సగం పని, తీసినదాన్ని దిద్దడం సగం పని. అవి కంప్యూటర్లు రాని రోజులు. సన్నని కుంచె, పదునైన పెన్సిలు పట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని నెగెటివ్ మీదే దిద్దేవాడు. కళ్లు మూసినవాళ్లకు కళ్లు తెరిపించేవాడు. బట్టతల పెళ్లికొడుకులకు జుట్టు మొలిపించేవాడు. "గీ ఆబిడ్స్, నాంపల్లిల సగం పెండ్లిళ్లు నా కుంచె మీదనే కుదిరినయ్. పెండ్లయినంక అసలు మొఖం చూసి ఎవడన్న కొట్టనీకి వస్తడేమో అని ఫికర్ అయితుండె," అనేవాడు. ఫికరు పడిన మనిషి ముఖం మాత్రం కాదు ఆయనది. ఎప్పుడూ ఏదో మంచి వార్త విని వస్తున్నట్టు ఉండేవాడు.

ఆదివారం వచ్చిందంటే మనుషుల ముఖాలు బంద్. పొద్దున్నే కెమెరా సంచీ, మూడుకాళ్ల స్టాండు భుజాన వేసుకుని గండిపేట వైపు బస్సెక్కేవాడు. దారిలో దిగితే ఒక రాళ్ల గుట్ట. హైదరాబాద్‌లో రాళ్లకేం కొదవ. ఎక్కడ చూసినా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టినట్టు ఉంటాయి. ఇక్కడే పుట్టి పెరిగిన మాకు అవి కంటికి ఆనేవే కావు. ఆయనకు మాత్రం ఆ గుట్టంటే ప్రాణం. కింద చిన్న పోచమ్మ గుడి. గుడి వెనక నుంచి పైకి ఎక్కితే ఏనుగంత రాయి, దాని నడుముకు అడ్డంగా ఒక పగులు, దాని నెత్తి మీద తోస్తే దొర్లిపోతుందా అన్నట్టు ఇంకో గుండు. మేం దాన్ని జోడురాయి అనేవాళ్లం.

చిన్నప్పుడు నన్నూ వెంట తీసుకుపోయేవాడు. నాకు అక్కడ పల్లీలు తినడం తప్ప పనేముంటుంది. "ఏందే మామయ్యా, రాళ్లే కదా. మన స్టేషన్ కాడ గూడ ఉన్నయి," అనేదాన్ని. "నేను రాళ్లను తీస్తున్ననని నీకు ఎవలు చెప్పిన్రు. నేను తీసేది నీడను. రాయి ఊకెనే ఉంటది, పనంతా నీడదే," అనేవాడు. నన్ను ఒక చదును బండ మీద కూర్చోబెట్టి, "నీడ గా పగులు కాడికి రాంగనే చెప్పు," అని తాను టోపీ ముఖం మీద వేసుకుని పడుకునేవాడు. నేను రెప్ప వేయకుండా చూసేదాన్ని. కదలదు, కదలదు అనుకుంటుండగానే నీడ పగులులోకి దిగి ఉండేది. అప్పుడు లేపితే, లేచి, ఒకే ఒక్కసారి నొక్కి, సామాను సర్దేవాడు.

రంగు ఫిల్ము వచ్చి అందరూ దాని వెంట పడ్డాక కూడా ఆయన సొంత ఫోటోలన్నీ నలుపు తెలుపే. "రంగుల ఫోటో దుకాణంల చీర లెక్క, చూడంగనే కొనబుద్ది అయితది. నాలుగేండ్లకు ఎలిసిపోతది. నల్లతెలుపు ముసలిది కాదే," అనేవాడు. గొప్ప కోసం అన్న మాట కాదు. ఆయన తీసిన మా అమ్మ పెళ్లినాటి ఫోటో ఇప్పటికీ నిన్న కడిగినట్టే ఉంది.

ఆయన పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. రీలు అయిపోయాక అందరూ ఫిల్మును పూర్తిగా డబ్బీ లోపలికి చుట్టేస్తారు. మామయ్య కొసను నాలుకలాగా కొంచెం బయటికి వదిలేవాడు. చీకటి గదిలో డబ్బీ పగలగొట్టే పని లేకుండా ఆ కొస పట్టుకుని లాగితే సరిపోతుంది. అయితే కొత్త రీలుకు కూడా కొస బయటే ఉంటుంది కదా. రెండూ కలిసిపోకుండా, వాడేసిన రీలు కొసను మూలన మడిచి పెట్టేవాడు. మడత ఉంటే వాడినది, లేకపోతే కొత్తది. స్టూడియోలో అందరూ ఆ పద్ధతికి భయపడేవాళ్లు. ఆయన మాత్రం, "నా చెయ్యి మడుస్తది, నేను యాది పెట్టుకునే పనే లేదు," అనేవాడు. అది నిజమే. ఆ చెయ్యి ఒక్కసారే మరిచిపోయింది.

బాపు గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమస్తా. కడుపులో గడ్డ ఉందని, ఎక్కువ రోజులు లేవని దవాఖానలో చెప్పారు. "ఉన్న ఒక్క బిడ్డ పెండ్లి చూసి పోత," అన్నాడు బాపు. అప్పుడు మామయ్యే పరుగుపెట్టి సంబంధం తెచ్చాడు, తన స్నేహితుడి తమ్ముడిని. శివరాత్రి వెళ్లాక నాంపల్లిలో ఒక చిన్న హాల్లో పెళ్లి. ఫోటోలకు ఎవరినైనా పెడదామంటే మామయ్య ఒప్పుకోలేదు. "నా మేనకోడలి పెండ్లికి ఇంకొకడు వచ్చి ఫోటోలు తీస్తే, ఆబిడ్స్‌ల నా ఇజ్జత్ ఏమైతది," అన్నాడు.

మేనమామకు పెళ్లిలో తక్కువ పనా. పెళ్లికూతురిని చెయ్యి పట్టుకుని మండపానికి తేవాల్సింది ఆయనే, బట్టలు పెట్టాల్సింది ఆయనే. ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో నా చెయ్యి. నన్ను పీటల మీద కూర్చోబెట్టేసరికి రీలు అయిపోయింది. పంతులు తొందరపెడుతున్నాడు. సంచీలో చెయ్యి పెట్టి, మడత లేని రీలు ఒకటి తీసి ఎక్కించాడు. అది గుట్ట మీద రాళ్లను ఆదివారానికొకటిగా తీస్తూ, ముందటి ఆదివారం జోడురాయితో ముగించిన రీలు. ఆ రోజు పెళ్లి పనుల మీద మనసుండి, బస్సు వచ్చేస్తోందని, కొస మడవడం మరిచిపోయాడు.

నాకేమో తల ఎత్తే వీలు లేదు. నుదుట బాసింగం. వెనక నుంచి మా మేనత్త, బాపుకు అక్క, మెడ మీద చెయ్యి వేసి, "తల దించు, పెండ్లిపిల్లవు," అని అదుముతూనే ఉంది. కన్యాదానం చేస్తున్నప్పుడు నాకు కనిపించింది బాపు చేతులు మాత్రమే. అవి వణుకుతున్నాయి. అమ్మ పోస్తున్న నీళ్లు వాటి మీదుగా మా ఆయన చేతుల్లోకి జారుతున్నాయి. "ఇటు చూడున్రి," అని మామయ్య కేక వినిపించింది. తళుక్కున వెలుగు. ఆ తర్వాత అంతా జీలకర్ర, బెల్లం, తలంబ్రాలు, గోల.

పెళ్లయిన నెల తిరగకముందే బాపు పోయాడు. చివర్లో మాట పడిపోయింది. దినాల నాడు, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, మేనత్త గట్టిగా అంది: "కన్యాదానం చేస్తుంటే మా తమ్ముని మొఖం నేను చూసిన. ఎట్లనో చేసుకొని పెట్టిండు. గా సంబంధం ఆయన మనసుకు రాలె. ఒత్తిడి పెట్టి చేయించిన్రు." ఆ మాట అంటూ మామయ్య వైపు చూసింది. నొప్పి వచ్చిందేమోనని ఎవరో సర్దబోయారు. "నొప్పి మొఖం నాకు తెల్వదా," అంది.

చెప్పొద్దూ, ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. మా ఆయన బంగారంలాంటి మనిషి, అందులో నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానం లేదు. కాని నన్ను కన్నవాడు నన్ను ఇష్టం లేకుండానే ధారపోశాడా? చేతులు వణికింది రోగంతోనా, మనసు ఒప్పకనా? అడుగుదామంటే మనిషి లేడు. అప్పుడు ఆయన ముఖం నేను చూడలేదు; అమ్మను, మా ఆయనను అడిగితే వాళ్లూ చూడలేదన్నారు. చెప్పగలిగింది ఆ ఫోటో ఒక్కటే.

దవాఖాన చుట్టూ తిరగడంలో పడి మామయ్య పెళ్లి రీళ్లు కడగనే లేదు. దినాలయ్యాక కడిగాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా గడప మీదే కూర్చున్నాడు. చేతిలో ఫోటో ఇంకా ఆరలేదు. "పెద్ద తప్పు జరిగింది బిడ్డా. నా చెయ్యే చేసింది," అన్నాడు.

ఫోటో కింది సగం చక్కగా ఉంది. వంచిన నా తల, బాసింగం, మా ఆయన భుజం, నాలుగు చేతులు. పై సగమంతా జోడురాయి. బాపు మెడ దగ్గర నుంచి రాయి మొదలైంది. ముఖం ఉండాల్సిన చోట ఆ అడ్డ పగులు. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు వెలుగు పడితే రెండూ ఉంటాయి, ఏదీ పోదు. బాపు ఉన్నాడు, రాయిలో కలిసిపోయి ఉన్నాడు. అదే రీలులో ఇంకో ఫోటోలో మా అత్తగారి కొప్పు మీద పెద్ద గుండు కూర్చుంది. దాన్ని చూసి ఆవిడతో సహా మేమందరం ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. ఆ సాయంత్రం మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

"నువ్వు చూసినవు కదా మామయ్యా. తీసింది నువ్వే. బాపు మొఖం ఎట్లుండె?" అని అడిగాను.

"చూడలె," అన్నాడు. "బటన్ ఒత్తంగనే కెమెరా లోపటి అద్దం లేస్తది. గా క్షణం మాకు చీకటే. హాల్ల అందరు చూస్తరు, ఫోటో తీసెటోడు ఒక్కడే చూడడు."

అమ్మ కళ్లు తుడుచుకుని, "దిద్దే పని నీదే కదరా తమ్మీ. బావ మొఖం నీకు తెల్వదా. గీసియ్యరాదు," అంది.

"గీస్త అక్కా, అర్ధగంట పని," అన్నాడు మామయ్య. "నవ్వుతున్నట్టు గీస్తే నవ్వుతడు, ఏడుస్తున్నట్టు గీస్తే ఏడుస్తడు. అది నేను అనుకున్న బావ అయితడు." నా వైపు తిరిగాడు. "నీకు నేను అనుకున్నది కావాల్నా, అయింది కావాల్నా?"

"అయింది కావాలె," అన్నాను.

"అయితే జర టైం పడ్తది," అన్నాడు. అంటూనే లేచి లోపలికి వచ్చి చాయ అడిగాడు. ఆ మనిషి దుఃఖం అంతసేపే. తప్పు జరిగింది, ఇక దాన్ని బాగుచేయడమే మిగిలిందన్నట్టు ఉండేవాడు.

ఆయన ఆలోచన ఇది. ఉత్త జోడురాయిని మళ్లీ అదే చోట నిలబడి, అదే కెమెరాతో, అదే నీడ పడినప్పుడు తీయాలి. ఆ నెగెటివ్‌ను తిరగేసి, అంటే నలుపున్న చోట తెలుపు, తెలుపున్న చోట నలుపు వచ్చేలా ఇంకో ఫిల్ము చేయాలి. దాన్ని పెళ్లి నెగెటివ్ మీద అతికినట్టు పెడితే, రాయికి రాయి చెల్లిపోతుంది. మిగిలేది బాపు. నేను అప్పటికే గన్‌ఫౌండ్రీలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతున్నాను. రెండు వైపులా ఒకటే ఉంటే కొట్టేయవచ్చని పిల్లలకు రోజూ చెప్పే మాటే కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. అది ఎంత కష్టమో మాత్రం అర్థం కాలేదు.

ముందు, ఆయన ఆ రోజు ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా తెలియదు. అడుగు అటు జరిగితే పై గుండు కింది రాయి మీద ఇంకో చోట కనిపిస్తుంది. ఆ చోటు పట్టుకోవడానికే కొన్నేళ్లు పట్టింది. దొరికాక, స్టాండు కాళ్లు పెట్టడానికి బండ మీద ఉలితో చిన్న గుంటలు చెక్కుకున్నాడు. తర్వాత నీడ. ఎండ ఆ కోణంలో పడేది పెళ్లి ముందటి ఆ రోజుల్లోనే. మిగతా ఏడాదంతా నీడ పగులులోకి దిగినా వేరే వాలులో దిగుతుంది. రెండుమూడేళ్లు చూశాక ఆయనకు ఇంకో సంగతి తెలిసింది. దసరా దాటాక కూడా కొన్ని రోజులు అదే నీడ వస్తుంది, కాకపోతే గడియారంలో అరగంట ముందుగా. ఆ సంగతి చెప్పడానికి ఆయన నాంపల్లి నుంచి మా బడికి నడిచి వచ్చి, నేను క్లాసులో ఉండగా కిటికీలోంచి పిలిచాడు. "ఏడాదికి రెండు మోకాలు దొరికినయే," అన్నాడు. అవకాశాన్ని ఆయన మోకా అంటాడు; పిల్లలు మోకాళ్లనుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పటి నుంచి శివరాత్రి వెళ్లాక ఒకసారి, దసరా వెళ్లాక ఒకసారి గుట్ట ప్రయాణం మా ఇంటి జాతర అయిపోయింది. అత్తమ్మ పులిహోర కలిపేది. పిల్లలు పోచమ్మ గుడి దగ్గర ఆడుకునేవాళ్లు. మా ఆయన స్టాండు మోసేవాడు. ఒక ఏడు సరిగ్గా వేళకు మబ్బు పట్టింది. ఒక ఏడు రాయి మీద ఎవరో అమ్మాయీ అబ్బాయీ కూర్చుని మాట్లాడుకుంటున్నారు. లేవమని చెబుదామంటే మామయ్య వద్దన్నాడు. "వాళ్లది మనకన్న జరూరు పని. మనం దసరాకు వస్తం," అన్నాడు. ఇంకో ఏడు వెళ్లేసరికి జోడురాయి మీద నిలువెత్తు అక్షరాలతో మొలలకు మందు ప్రకటన రాసి ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం ఆ ప్రకటనను మొత్తం చదివి, "రంగు నాసిరకంది. వానలకు పోతది," అన్నాడు. పోవడానికి చాలా వానలే పట్టాయి, కాని పోయింది.

చుట్టూ గుట్టలన్నీ పగిలి మేడలయ్యాయి. ఈ ఒక్కదాన్ని ముట్టుకోలేదు, కింద పోచమ్మ ఉంది కాబట్టి. తూర్పున ఒక పెద్ద అపార్ట్‌మెంటు లేస్తుంటే దాని నీడ వచ్చి రాయిని కప్పేస్తుందని నేను బెంగపెట్టుకున్నాను. అది లేచి ఆగింది, నీడ గుడి దాకా వచ్చి ఆగింది.

ప్రతిసారీ కొంచెం కొంచెంగా బాపు బయటికి వచ్చేవాడు. ఫోన్ చేసి చెప్పేవాడు మామయ్య. "ఈసారి చెవి వచ్చిందే. బావ చెవే, అనుమానం లేదు." ఇంకోసారి తలపాగా అంచు. చాలా ఏళ్లకు కనుబొమ్మలు. కళ్లు, నోరు మాత్రం ఆ పగులు కింద ఉండిపోయాయి. పగులు సన్నది, దాని నీడ వెంట్రుకవాసి తప్పినా అక్కడ నల్లటి చార మిగిలేది. మేనత్త తన మాట మీదే ఉండి, ఆ మాటతోనే పోయింది. ఒకసారి నాకే విసుగొచ్చి, "ఇగ వదిలెయ్ మామయ్యా, ఎన్నేండ్లని," అన్నాను. "ఎందుకు వదులుడు. రాయి యాడికి పోలె, బావ యాడికి పోలె. ఇద్దరు గదే ఫిల్ముల ఉన్నరు," అన్నాడు.

మా అబ్బాయిది కంప్యూటర్ ఉద్యోగం. రెండేళ్ల కింద, "ఇది రెండు నిమిషాల పని తాతా," అని ఆ ఫోటోను, బాపువి వేరే పాత ఫోటోలను యంత్రానికి ఇచ్చి ముఖం తెప్పించాడు. రాయి మాయమైంది. బాపు పెళ్లి మండపంలో హాయిగా నవ్వుతున్నాడు. పళ్లు వరసగా ఉన్నాయి. నేను ఫోన్ లాక్కుని చూసిన మాట నిజం. మామయ్య ఫోన్‌ను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. "మంచిగున్నడు," అన్నాడు. "ఎవరీయన?"

అబ్బాయి ముఖం చిన్నబోయింది. మామయ్య వాడి వీపు నిమిరాడు. "నీ పని తప్పని కాదు నానా. నేను గూడ జిందగీ అంత గదే పని చేసిన. అయితే గీయన నీ మిషిన్ అనుకున్న తాత," అన్నాడు.

ఈ శివరాత్రికి ఆయన గుట్ట ఎక్కలేకపోయాడు. మోకాళ్లు సహకరించలేదు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది మసక. పోచమ్మ గుడి మెట్టు మీద కూర్చుని, "నువ్వు పో," అన్నాడు. నాకూ అరవై దగ్గరికొచ్చాయి, అయినా ఎక్కాను. స్టాండు కాళ్లు ఆయన చెక్కిన గుంటల్లో పెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. "నీడ యాడిదాక వచ్చింది?" "పగులు పైకి ఉన్నది." "ఆగు. పల్లీలు తిను." కాసేపటికి, "ఇప్పుడు?" "అంచును తాకింది." "తాకుడు కాదు, దిగాలె." నేను చూస్తూ నిలబడ్డాను. నీడ పగులులోకి దిగింది. "దిగింది మామయ్యా," అంటూనే నొక్కాను. కిందికి వచ్చేసరికి ఆయన పోచమ్మకు కొబ్బరికాయ కొట్టించి, ముక్క నా నోట్లో పెట్టాడు.

ఫిల్ము ఆయనే కడిగాడు. చేతులకు తెలిసిన పని, కళ్లతో పనిలేదు. తిరగేసిన ఫిల్ము కూడా ఆయనే చేశాడు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి కూర్చే పని మాత్రం నాకిచ్చాడు. "నాకు గీతలు రెండు కనబడ్తున్నయి. నువ్వు కూర్చు," అన్నాడు. అద్దం కింద దీపం పెట్టి, భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. పగులు మీద పగులు, గుండు మీద గుండు. ఊపిరి తీసుకుంటే కదిలిపోతోంది. ఎంతసేపు పట్టిందో తెలియదు, అత్తమ్మ రెండుసార్లు చాయ తెచ్చి చల్లారిపోయిందని తీసుకెళ్లింది. చివరికి రెండూ అతుక్కున్నాయి. అంచులకు టేపు వేశాను.

ఆయన చీకటి గది స్నానాలగదే. మిట్టమధ్యాహ్నం కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎర్ర బల్బు వేశాడు. బల్ల మీద రెండు పళ్లాలు, ఒకదాంట్లో ఫోటో పైకి తెచ్చే మందు, ఇంకోదాంట్లో తెచ్చినదాన్ని నిలబెట్టే మందు. కాగితం మీద వెలుగు పడనిచ్చి, దాన్ని మొదటి పళ్లెంలోకి జార్చి, నన్ను ముందుకు జరిపాడు. "నాకు ఎర్ర లైటుల ఏం కనబడ్తలేదు. చూసి చెప్పు," అన్నాడు.

ముందు నా బాసింగం వచ్చింది. తర్వాత చేతులు. మా ఆయన భుజం, అమ్మ గాజులు. అందరూ మామయ్య కేకకు కెమెరా వైపు చూస్తున్నారు. ఆ తర్వాత, రాయి ఉండాల్సిన చోట రాయి లేదు. బాపు వచ్చాడు.

బాపు కెమెరా వైపు చూడడం లేదు. వంచిన నా తల వైపు చూస్తున్నాడు. ముఖం ముడుచుకునే ఉంది, మేనత్త అబద్ధం చెప్పలేదు. కనుబొమ్మలు దగ్గరికి వచ్చి, బుగ్గలు ఉబ్బి, పెదవులు ముందుకు పొడుచుకుని ఉన్నాయి. నేను పళ్లెం మీదికి ఇంకా వంగాను. పీటల పక్కన ఎవరో గుచ్చిన అగరుబత్తి, ఇన్నేళ్లూ కనిపిస్తున్నా నేను పట్టించుకోనిది, దాని నుంచి సన్నటి తెల్లటి పొగ తిన్నగా నా ముఖం వైపు లేస్తోంది. నా ముఖం దాకా వచ్చి, పక్కకు వంగిపోయింది.

"ఏం చేస్తున్నడే? చెప్పు," అన్నాడు మామయ్య.

"ఊదుతున్నడు మామయ్యా," అన్నాను. "చేతులు రెండు ఖాళీ లేవు కదా. నా కండ్లల్ల పొగ పడకుండ ఊదుతున్నడు."

నేను చూస్తూనే ఉన్నాను. "ముందుగాల దాన్ని రెండో పళ్లెంల ఏయి. ఎక్కువసేపు ఉంచితె నల్లబడ్తది," అన్నాడు మామయ్య. వేశాను. ఆయన తడి చేతులు పంచెకు తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని, ముఖం నా వైపు ఎత్తాడు.

"ఎట్ల ఊదుతున్నడు? చేసి చూపెట్టు," అన్నాడు.

నేను బుగ్గలు నింపుకుని, పెదవులు ముందుకు చాచి, ఆయన ముఖం మీదికి మెల్లగా ఊదాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. నుదుటి మీది తెల్ల వెంట్రుకలు పక్కకు వంగాయి.

"ఔ," అన్నాడు. "బావనే." కళ్లు తెరవకుండానే, ఇంకోసారి ఊదమన్నట్టు, ముఖం ఇంకొంచెం దగ్గరికి తెచ్చాడు.